పెంపుడు పాముల్లో మలబద్ధకం, జీర్ణ సమస్యలు: హైదరాబాద్ పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెలలో, మళ్ళీ డిసెంబరులో నా ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, మా పాము నెల నుంచి దొడ్డికి పోలేదు, ఏం మందు వేయాలి?" అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట రాసి పెడదామనుకున్నాను. నేను డాక్టర్‌ని కాను. బాల్ పైథాన్, కార్న్ స్నేక్ పెంచుతున్న మామూలు మనిషిని. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా

ఇక్కడ రాసినవి ఏ పాములకు? మా పొలంలో దొరికిన జెర్రిపోతుకు కూడా పనికొస్తాయా?

జెర్రిపోతును ఇంట్లో పెట్టుకోకూడదు. మన దేశపు అడవి పామును పట్టుకోవడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టం తెస్తుందని చెప్పి అమ్మే రెండు తలల పాముకూ ఇదే వర్తిస్తుంది. అలాంటి పాము మీ దగ్గరుంటే అటవీ శాఖకు గానీ, హైదరాబాద్‌లో పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ చెప్పండి.

ఈ పేజీ విదేశీ జాతుల కోసం, ముఖ్యంగా మన దగ్గర ఎక్కువమంది పెంచే బాల్ పైథాన్, కార్న్ స్నేక్‌ల కోసం. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాబట్టి 2022 చట్ట సవరణ, ఆ తర్వాత వచ్చిన 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు సరిగ్గా ఉంటే జబ్బు చేసిన పామును ఆసుపత్రికి తీసుకెళ్లడానికి భయపడాల్సిన పని ఉండదు. ఆ భయంతోనే ఆలస్యం చేసి పామును పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పాము మలం మామూలుగా ఎలా ఉండాలి?

అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ముదురు గోధుమ రంగు ముద్ద. విరిచి చూస్తే ఎలుక వెంట్రుకలు కనిపిస్తాయి, ఎందుకంటే వెంట్రుకలు జీర్ణం కావు. రెండోది తెల్లగానో, లేత పసుపుగానో ఉండే సున్నంలాంటి పదార్థం. దీన్నే యూరేట్ అంటారు. పాము మనలా మూత్రం పోసి నీళ్ళు ఖర్చు చేసుకోదు. వ్యర్థాన్ని యూరిక్ యాసిడ్‌గా మార్చి ఇలా గట్టి ముద్దగా వదులుతుంది. చుట్టూ కొంచెం నీటి చెమ్మ కూడా ఉంటుంది.

యూరేట్‌ను గ్లవ్ వేసుకున్న వేళ్ల మధ్య నలిపి చూడండి. తడిపిన సుద్దముక్కలా మెత్తగా నలిగితే మంచిదే. నారింజ రంగుకు తిరిగి, ఇసుకలా గరుకుగా, గులకరాయిలా గట్టిగా ఉంటే ఒంట్లో నీళ్ళు తక్కువయ్యాయని అర్థం. మలబద్ధకం రావడానికి చాలా రోజుల ముందే ఈ గుర్తు కనిపిస్తుంది.

తిన్న ఎన్ని రోజులకు విసర్జించాలి?

కార్న్ స్నేక్ చాలావరకు రెండు నుంచి ఐదు రోజుల్లో విసర్జిస్తుంది. బాల్ పైథాన్‌కు అంత క్రమం ఉండదు. పిల్లలు వారానికోసారి వదలొచ్చు. పెద్దవి రెండు మూడు మేతలకు కలిపి ఒకేసారి వదులుతాయి, మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. బరువైన ఒళ్ళు ఉండి, కదలకుండా కూర్చుని వేటాడే జాతులు మలాన్ని చాలాకాలం లోపలే ఉంచుకుంటాయి. ఆఫ్రికా గాబూన్ వైపర్ ఏడాది దాటినా వదలకుండా ఉన్నట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

అందుకే క్యాలెండర్ ఒక్కటే చూసి కంగారుపడొద్దు. మేత తేదీ, విసర్జన తేదీ, బరువు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటే మీ పాము అలవాటేమిటో ఆరు నెలల్లో మీకే తెలిసిపోతుంది.

## అనుమానం వచ్చినప్పుడు

మూడు వారాలైంది, ఇది మలబద్ధకమేనా?

రోజుల లెక్క కంటే ఒంటి తీరు చూడాలి. శరీరం చివరి మూడో వంతులో, అంటే మలద్వారానికి కాస్త పైన, ఉబ్బు కనిపిస్తోందా? పామును చేతుల మీదుగా పాకనిచ్చినప్పుడు అక్కడ గట్టి గడ్డలా తగులుతోందా? తోక పైకెత్తి ముక్కుతూ ఏమీ వదల్లేకపోతోందా? ఎండిన యూరేట్ ముక్కలు మాత్రం వచ్చి మలం రావట్లేదా? ఎప్పుడూ ఆశగా తినేది మేత వదిలేసిందా? వీటిలో రెండు కలిసి కనిపిస్తే మలబద్ధకమనే అనుకోండి.

ఇవేవీ లేకుండా పాము చురుగ్గా ఉండి, నాలుక ఆడిస్తూ తిరుగుతూ, ఒళ్ళు నున్నగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగి చూడొచ్చు.

ఆడపాము విషయంలో ఒక జాగ్రత్త. గుడ్లు కట్టినా చివరి భాగం ఉబ్బుతుంది. మగపాముతో కలవకపోయినా గుడ్లు కట్టొచ్చు. వరసగా గడ్డలు గడ్డలుగా తగిలితే అది మలం కాకపోవచ్చు. ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

అసలు మలబద్ధకం ఎందుకొస్తుంది?

నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం చలి, కాకపోతే నీళ్ళు చాలకపోవడం. ఆ తర్వాత అతిగా మేపడం, లావెక్కడం, చిన్న డబ్బాలో కదలిక లేకపోవడం. కింద పరిచిన చెక్క పొట్టు మింగడం, మలద్వారం దగ్గర కుబుసం పట్టి ఉండిపోవడం కూడా కారణాలే. పరాన్నజీవులు, కిడ్నీ వాపు, కణితుల వల్ల కూడా దారి మూసుకుపోవచ్చు.

చలి ఎందుకంత ముఖ్యమంటే, పాము తన ఒంటి వేడిని తాను తయారుచేసుకోలేదు. దాని జీర్ణవ్యవస్థ మేత లేనప్పుడు చాలావరకు ముడుచుకుని ఉంటుంది. మేత పడగానే పేగు పెరుగుతుంది, ఆమ్లం ఊరుతుంది. బర్మీస్ పైథాన్ గుండె తిన్న 48 గంటల్లోనే 40 శాతం దాకా పెరిగినట్టు 2005లో పరిశోధకులు చూపించారు. అంత పెద్ద పనికి కావలసిన వేడి బయటి నుంచే అందాలి. వేడి చాలకపోతే పేగు కదలిక మందగిస్తుంది. లోపల నిలిచిన మలంలోంచి నీళ్ళు ఇంకిపోతూనే ఉంటాయి. ముద్ద కాస్తా రాయవుతుంది.

మే నెలలో హైదరాబాద్‌లో 42 డిగ్రీల ఎండ, పాముకు చలెక్కడిది?

ఏసీ గదిలో! ఎండాకాలం వచ్చే మెసేజ్‌లలో సగానికి ఇదే కారణం. ఎండ ఎక్కువగా ఉందని పాము కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ ఆపేస్తారు, పాముకు కూడా చల్లగా ఉంటుందని ప్రేమతో ఏసీ ఉన్న బెడ్‌రూమ్‌లో పెడతారు. రాత్రంతా 23 డిగ్రీలు. బాల్ పైథాన్‌కు వెచ్చటి వైపు 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 27 డిగ్రీలు కావాలి. కార్న్ స్నేక్‌కు వెచ్చటి వైపు 29 నుంచి 31 చాలు.

ఇది నా ఇంట్లోనే జరిగింది. నా ఆడ బాల్ పైథాన్ ఒక మే నెలలో 41 రోజులు విసర్జించలేదు. మ్యాట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ డిస్‌ప్లే మీద 32 అని కనిపిస్తూనే ఉంది, అందుకే వేడి సంగతి అనుమానించలేదు. ఒక రాత్రి హైడ్ (పాము దాక్కునే గూడు) ఎత్తి, పాము పడుకున్న చోట వేరే థర్మామీటర్ పెట్టి చూస్తే 26! థర్మోస్టాట్‌కు వేడి కొలిచిచ్చే తీగ, అంటే ప్రోబ్, జారిపోయి నేరుగా మ్యాట్‌కు అతుక్కుని ఉంది. మ్యాట్ కాస్త వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తోంది, నేల మాత్రం చల్లగానే ఉంటోంది. ప్రోబ్‌ను సరిచేసి టేపు వేశాను. వేరే ఏ మందూ ఇవ్వలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పేపర్ మీద పెద్ద ముద్ద, పక్కన యూరేట్. ఆ రోజు కలిగిన నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది.

డిస్‌ప్లేను నమ్మకండి. పాము పొట్ట ఆనే చోట కొలవండి.

డిసెంబరు రాత్రుల్లో కరెంటు పోతే ఏం చేయాలి?

మన దగ్గర చలికాలం రాత్రి బయట 12, 13 డిగ్రీలకు పడిపోతుంది. గంటో రెండు గంటలో కరెంటు పోతే పెద్దగా నష్టం లేదు. ఎన్‌క్లోజర్ (పామును ఉంచే పెట్టె) మీద దుప్పటి కప్పండి, గాలి ఆడే సందు మాత్రం వదలండి. ఎక్కువసేపైతే వేడినీళ్ల బాటిల్‌ను టవల్‌లో చుట్టి ఒక మూల పెట్టండి, ఒంటికి నేరుగా తగలకూడదు. కొత్తగా మేత వేసిన పాముంటే హీట్ మ్యాట్‌ను ఇన్వర్టర్ లైన్‌కు కలిపించుకోవడం మంచిది.

నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా, నీళ్ళు ఎలా తక్కువవుతాయి?

గాలి పొడిగా ఉంటే ఊపిరితో, చర్మంతో నీళ్ళు పోతూనే ఉంటాయి. మార్చి నుంచి మే దాకా హైదరాబాద్ గాలి బాగా పొడిబారుతుంది, ఏసీ దాన్ని ఇంకా పొడి చేస్తుంది. బాల్ పైథాన్‌కు తేమ 60 శాతం దగ్గర ఉండాలి, కార్న్ స్నేక్‌కు 40 నుంచి 50 సరిపోతుంది. చర్మం మీద సన్నని ముడతలు, ముక్కలు ముక్కలుగా ఊడే కుబుసం, నొక్కుకుపోయిన కళ్ళు నీళ్ళు చాలట్లేదని చెబుతాయి.

గిన్నె పాము మొత్తం చుట్టుకుని కూర్చునేంత పెద్దదిగా ఉండాలి. నీళ్ళు రోజూ మార్చండి. మంజీరా నీళ్ళా, బోరు నీళ్ళా అని అడుగుతుంటారు. మీరు తాగే నీళ్ళే పోయండి. ఒక చిన్న డబ్బాకు కన్నం చేసి తడిపిన నాచు పెట్టి హైడ్‌గా ఇస్తే పాముకు కావలసినప్పుడు అదే వెళ్లి కూర్చుంటుంది.

కింద పరిచిన పొట్టు మింగితే ప్రమాదమా?

ఒకటి రెండు రేకులు మలంతో వచ్చేస్తాయి. ఇసుక, వాల్‌నట్ పెంకుల పొడి, పెద్ద చెక్క ముక్కలు మాత్రం పేగులో అడ్డుపడొచ్చు. తడి ఎలుకను నేరుగా పొట్టు మీద పెట్టకుండా పళ్లెంలోనో పట్టకారుతోనో ఇవ్వండి. ఇప్పటికే అనుమానం ఉంటే పొట్టు తీసేసి నిన్నటి దినపత్రిక పరవండి. మలం, యూరేట్ స్పష్టంగా కనిపిస్తాయి కూడా.

## ఇంట్లో చేయగలిగినవి

గోరువెచ్చని నీళ్లలో ఎలా ఉంచాలి? ఎంతసేపు?

ముందు ఎన్‌క్లోజర్ వేడి సరిచేయండి. రెండు మూడు రోజులు చూసినా ఫలితం లేకపోతే అప్పుడు నీళ్లలో ఉంచండి.

మూత ఉండి, మూతకు కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. నీళ్ళు 29, 30 డిగ్రీలు ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మన చేతికి హాయిగా వెచ్చగా తగిలే నీళ్ళు పాముకు వేడెక్కువ. మన చర్మం దాదాపు 33 డిగ్రీలుంటుంది కాబట్టి సరైన నీళ్ళు చేతికి వెచ్చగా అనిపించవు. గీజర్ నీళ్ళు చేత్తో చూసి పోయొద్దు, థర్మామీటర్ ముంచండి. లోతు పాము ఒళ్ళు సగం మునిగేంత చాలు. తల ఎత్తకుండానే ముక్కు బయట ఉండాలి.

15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. మీరు పక్కనే కూర్చోండి, ఫోన్ మోగినా లేవొద్దు. పాము మెల్లగా చుట్లు విప్పుకుని డబ్బా అంచు వెంబడి తిరగడం మొదలుపెడితే మంచిది, ఆ కదలికే పేగుకు పని చెబుతుంది. కొన్ని నీళ్ళు తాగుతాయి. దవడ కింద చిన్నగా కదులుతూ ఉండటం దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. తర్వాత మెత్తటి టవల్ మీదుగా పాకనిచ్చి, ఆరాక ఎన్‌క్లోజర్‌లో వదలండి. రోజుకోసారి, మూడు రోజులు చేయండి. అప్పటికీ రాకపోతే ఆపి డాక్టర్‌ను కలవండి. వారాల తరబడి నానబెడితే పాము బెదురుతుంది, చర్మం కూడా పాడవుతుంది.

ఆముదం, ఆలివ్ ఆయిల్, ఇసబ్‌గోల్ లాంటివి తాగించొచ్చా?

వద్దు. పాము శ్వాసనాళం ద్వారం నోటి అడుగునే, ముందువైపు ఉంటుంది. సిరంజితో పోసిన నూనె ఊపిరితిత్తిలోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది, మలబద్ధకం కంటే అది చాలా ప్రమాదం. ఇసబ్‌గోల్ లోపలున్న నీళ్లనే పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండిపోయిన పాముకు అది ఇంకో అడ్డు. మనుషుల విరేచనం మాత్రలు, పిల్లలకు పెట్టే సపోజిటరీలు కూడా వద్దు. ఒక పెంపుడు జంతువుల షాపులో నాకు స్వయంగా ఆముదం సలహా ఇచ్చారు. పాటించనందుకు ఇవాళ్టికీ సంతోషిస్తున్నాను.

పొట్ట నిమిరి, కిందికి నొక్కి తీయొచ్చా?

నొక్కకూడదు. గట్టిపడిన ముద్దను నెడితే పేగు గోడ చిరగొచ్చు, లేదా పేగు బయటికి జారొచ్చు. పామును మీ చేతుల మీదుగా దానంతట అది పాకనివ్వండి. దాని బరువే దానికి మసాజ్.

నాగుల పంచమికి ఇంట్లో పెద్దవాళ్లు పాలు పోయమంటున్నారు. జీర్ణానికి మంచిదా?

మా నాయనమ్మ కూడా అడిగేది, "పామును ఇంట్లో పెట్టుకుని పాలు పోయకుంటే ఎట్ల బిడ్డా?" అని. పాము పాలిచ్చి పెంచే జంతువు కాదు. పాలను అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. తాగితే విరేచనాలవుతాయి, నీళ్ళు ఇంకా పోతాయి. పండగకు పాములు పాలు తాగడం కనిపిస్తుందంటే, పాములవాళ్లు వాటిని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగట్టడం వల్లే. దాహంతో ఏది పెట్టినా తాగుతాయి. మా నాయనమ్మకు ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఫొటో ముందు పాలు పెట్టి, మా పాము గిన్నెలో తనే మంచినీళ్ళు పోసేది.

మలబద్ధకం ఉన్నప్పుడు మేత వేయొచ్చా?

ఆపండి. వెనక దారి మూసుకుని ఉంటే ముందు నుంచి వేసింది లోపలే కుళ్లుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము కొన్ని వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. విసర్జించాక వారం ఆగి, మామూలు మేతలో సగం సైజుది ఇవ్వండి. ఎలుకను నీళ్లలో ముంచి తడిగా ఇస్తే కొంత నీరు కూడా లోపలికి వెళ్తుంది.

## మలబద్ధకం కాని ఇతర ఇబ్బందులు

తిన్న ఎలుకను మూడో రోజు కక్కేసింది. మళ్ళీ వేయాలా?

వెంటనే వేయొద్దు. కక్కినప్పుడు కడుపులోని ఆమ్లం పోతుంది, గొంతు ఒరుసుకుపోతుంది. రెండు వారాలు ఆగండి, నీళ్ళు మాత్రం ఉంచండి. తర్వాత చాలా చిన్న మేత ఇవ్వండి.

తిన్న 48 గంటల్లోపు చేతుల్లోకి తీసుకోవడం, ఒళ్ళు చల్లబడటం, మరీ పెద్ద ఎలుక, ఇవే ఎక్కువగా కనిపించే కారణాలు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఎలుక మధ్యలో ఇంకా గడ్డగా ఉండిపోవడం కూడా. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి, పొద్దున కవర్‌తో సహా వెచ్చటి నీళ్లలో ఉంచి, పొట్ట నొక్కి మెత్తగా ఉందో లేదో చూడండి. మైక్రోవేవ్ వాడొద్దు.

రెండోసారి కూడా కక్కితే, ముఖ్యంగా నడుము భాగం ఉబ్బి ఉంటే, పరీక్ష చేయించండి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అలా చేస్తుంది, ఒక పాము నుంచి ఇంకో పాముకు అంటుతుంది. ఆ పామును విడిగా ఉంచి, దాని పనులు ఆఖరున చేయండి.

మలం నీళ్లలా, పచ్చగా, భరించలేని వాసనతో వస్తోంది.

కోడిపిల్లలు వేస్తే ఒకసారి పలచగా రావచ్చు. అది కాకుండా రెండుసార్లు వరసగా వచ్చినా, జిగురు, రక్తం కనిపించినా పరాన్నజీవుల్ని అనుమానించండి. తాజా మలాన్ని జిప్ కవర్‌లో పెట్టి, ఫ్రిజ్‌లో తిండికి దూరంగా ఉంచి, 24 గంటల్లోపు ల్యాబ్‌కు ఇవ్వండి. ఇంట్లో తాబేళ్లు కూడా ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పాముల పేగుల్ని దెబ్బతీసే ఒక అమీబాను తాబేళ్లు జబ్బు పడకుండానే మోస్తుంటాయి.

ఇంట్లో పట్టిన ఎలుకను, వీధి ఎలుకను ఎప్పుడూ వేయొద్దు. అది ఎక్కడో ఎలుకల మందు తిని ఉండొచ్చు.

రెండు నెలలుగా తినట్లేదు. కడుపులో ఏదైనా అడ్డుందా?

బాల్ పైథాన్ అయితే చలికాలంలో నెలల తరబడి మేత మానేయడం దాని స్వభావం. కళ్ళు నీలంగా మారి కుబుసానికి సిద్ధమైనప్పుడు కూడా తినదు. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి (పాముకు వేరే కాటా కొనుక్కుంటే మేలు). బరువు పదో వంతు తగ్గితే డాక్టర్‌కు చూపించండి.

## డాక్టర్ దగ్గరికి

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మలద్వారం నుంచి ఎర్రటి మాంసంలాంటిది బయటికి వచ్చి లోపలికి పోకపోతే అదే రోజు, అదే గంటలో బయల్దేరండి. శుభ్రమైన గాజుగుడ్డను సెలైన్‌లో తడిపి దానిమీద కప్పండి, ఎండనివ్వొద్దు, లోపలికి నెట్టొద్దు. రక్తం రావడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, పట్టుకుంటే గుడ్డపేలికలా వేలాడిపోవడం, ఉబ్బు రోజురోజుకూ పెరగడం కూడా ఆగకూడని గుర్తులే.

హైదరాబాద్‌లో ఎక్కడ చూపించాలి? అక్కడ ఏం చేస్తారు?

వీధి చివర ఉన్న కుక్కల క్లినిక్‌లన్నీ పాముల్ని చూడవు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, నగరంలో పక్షులు, సరీసృపాలు చూసే ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి "పాముల్ని చూస్తారా?" అని అడిగి వెళ్లండి. జబ్బు లేనప్పుడే ఆ నంబర్ దొరకబుచ్చుకుని పెట్టుకోండి.

ఎక్స్‌రే తీసి అడ్డు ఎక్కడుందో, అది మలమో గుడ్లో చూస్తారు. నీళ్ళు తక్కువైతే ఇంజెక్షన్‌తో ద్రవం ఎక్కిస్తారు. అవసరమైతే ఎనీమా ఇస్తారు. అది వాళ్ల చేతుల్లో జరగాల్సిన పని. ఇవేవీ పని చేయకపోతే ఆపరేషన్.

పామును కాటన్ దిండు గలీబులో వేసి, ముడి కట్టి, గాలి కన్నాలున్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. మీ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, డాక్టర్ అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.

## కోలుకున్నాక

మళ్ళీ రాకుండా మేత ఎలా మార్చాలి?

ఎలుక మందం పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటుకు సమానంగా ఉంటే చాలు. పెద్ద బాల్ పైథాన్‌కు 10 నుంచి 14 రోజులకోసారి సరిపోతుంది. చాలామంది వారం వారం పెట్టి లావెక్కిస్తారు. ఎక్కడానికి ఒక కొమ్మ పెట్టండి, వారంలో రెండు మూడుసార్లు బయట పాకనివ్వండి, మేత వేసిన రెండు రోజులు తప్ప.

పామును నానబెట్టిన డబ్బాను ఇంట్లో వేరే పనులకు వాడొచ్చా?

వాడొద్దు. ఆరోగ్యంగా ఉన్న పాము మలంలోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. డబ్బా మీద మార్కర్‌తో "పాముది" అని రాసి విడిగా పెట్టండి. ఆ నీళ్లను వంటింటి సింకులో కాకుండా టాయిలెట్‌లో పోయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇంట్లో ఈ శుభ్రం చేసే పని వాళ్ల చేత చేయించొద్దు.